చిన్న విమానపు ఇంజను కదలనిచో ఏమి చేయవలెను?



యంత్రము మన మాట విననపుడు మనుష్యులు సామాన్యముగా రెండు పనులు చేయుదురు. మొదటిది కోపపడుట. రెండవది, ఏ పని చేసి విఫలులైరో ఆ పనినే మరింత బలముగా మరల చేయుట. ఈ రెంటివలనను యంత్రము కదలకపోగా, కొన్ని వేళల విరుగును. కొన్ని వేళల మన వ్రేళ్లే విరుగును.

నేషనల్ క్యాడెట్ కోర్ వాయువిభాగమునందు చేరిన బాలబాలికలకు చిన్న విమానములను నిర్మించి ఎగురవేయుట శిక్షణలో ఒక భాగము. 2015వ సంవత్సరమున కడప విమానాశ్రయము తెరవబడిన పిమ్మట విమానమును దగ్గరనుండి చూచిన పిల్లలు మన కమలాపురములోను పెక్కురు గలరు. వారిలో కొందరు సెలవులయందు బల్సాకర్రతో రెక్కలు చెక్కి, చిన్న ఇంజను సంపాదించి, దాని నెట్లు నడుపవలెనని అడుగుచుందురు. రెక్కలు చెక్కుట కష్టమనియు, ఇంజను త్రిప్పుట సులభమనియు వారి తలంపు. అనుభవము దీనికి విరుద్ధముగా నుండును. నెల దినములు శ్రమపడి చేసిన విమానము, ఇంజను అంటుకొననందున ఒక మధ్యాహ్నమున మూలపడుట తరుచుగా జరుగునట్టి సంగతి. కావున ఇంజను కదలనపుడు కారణమును వెదకు క్రమమును ఈ వ్యాసమునందు వివరింతును. ఈ క్రమము నేర్చినవారికి విమానపు ఇంజనే కాక ఇతర యంత్రములును వశమగును.

ఇంజను పుట్టుక

మనుష్యుని మోయజాలని చిన్న విమానములే, మనుష్యుని మోయు విమానములకంటె ముందు ఎగిరినవి. అమెరికా దేశమున లాంగ్లీ అను శాస్త్రజ్ఞుడు 1896వ సంవత్సరము మే నెల 6వ తేదీన ఆవిరియంత్రము గల ఒక చిన్న విమానమును పొటోమాక్ నదిపై సుమారు ఒక కిలోమీటరు దూరము ఎగురవేసెను. రైటు సోదరులు ఎగిరినది 1903లో. పిమ్మట 1934 ప్రాంతమున బ్రౌన్ జూనియర్ అను చిన్న పెట్రోలు ఇంజను అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. దానికి నిప్పురవ్వ పుట్టించుటకై బ్యాటరీ, తీగచుట్ట మొదలగు బరువులన్నియు విమానముతో కూడ ఎగురవలసియుండెను. 1947లో రే ఆర్డెన్ అను నతడు గ్లోప్లగ్గును ప్రవేశపెట్టగా ఆ బరువంతయు తప్పిపోయెను.

గ్లోప్లగ్గు అనగా సిలిండరు శిరస్సున బిగింపబడు చిన్న మర. దాని అడుగున ప్లాటినము కలిసిన సన్నని తీగ చుట్టగా నుండును. ఇంజనును ప్రారంభించునపుడు మాత్రము ఈ తీగను బ్యాటరీతో ఎఱ్ఱగా కాల్చవలెను. ఇంజను నడువసాగిన తరువాత బ్యాటరీని తీసివేసినను తీగ చల్లారదు. దీనికి కారణమేమి? వేడియైన ప్లాటినము తనపై సోకు ఇంధనపు ఆవిరిని తానే వేడి పుట్టునట్లు మండించును. తాను మాత్రము తరిగిపోదు. ఈ గుణమును 1817లో సర్ హంఫ్రీ డేవీ కనుగొనెను. నూటముప్పది సంవత్సరములకు పిమ్మట అది పిల్లల విమానమునకు ఉపయోగపడినది. ప్రతి చుట్టునందు జరుగు దహనపు వేడి కొంత, ప్లాటినపు గుణము కొంత కలిసి తీగను కాపాడుచుండును.

ఇంజను పనిచేయు తీరు

మన బాలురు వాడునది సామాన్యముగా 2.5 ఘనపు సెంటీమీటర్ల ఇంజను. ఇందు పిస్టను పైకి పోవునపుడు, దాని క్రిందనున్న గదిలో గాలి పలుచనై, వెలుపలి గాలి లోనికి దూసికొనివచ్చును. ఆ గాలి వచ్చు గొట్టమునకు అడ్డముగా ఒక సన్నని నాళమున్నది. దానికి చిన్న రంధ్రమున్నది. గాలి ఆ రంధ్రమును రాచుకొని పోవునపుడు ట్యాంకిలోని ఇంధనము పీల్చబడి తుంపరగా కలియును. ఎంత ఇంధనము రావలెనో నిర్ణయించునది సూది. దీనిని మనము సూదిమర యందము. లోపలికి త్రిప్పిన ఇంధనము తగ్గును. వెలుపలికి త్రిప్పిన హెచ్చును.

పిస్టను పైనున్న మిశ్రమము అదుమబడి, వేడితీగను సోకి మండి, పిస్టనును క్రిందికి త్రోయును. అపుడు ఒక ప్రక్క ద్వారము తెరచుకొని పొగ వెలుపలికి పోవును. మరియొక ద్వారముగుండ క్రింది గదిలోని క్రొత్త మిశ్రమము పైకి చేరును. ఇంతే. ఈ చిన్న ఇంజనునకు కవాటములు లేవు, నీళ్లు లేవు, వేరుగా నూనె పోయు స్థలము లేదు. కావున ఇది నడుచుటకు కావలసినవి నాలుగు మాత్రమే: పిస్టను మిశ్రమమును గట్టిగా అదుమవలెను, తీగ వేడిగా నుండవలెను, ఇంధనము రావలెను, వచ్చిన ఇంధనము గాలితో తగిన పాళ్లలో నుండవలెను. ఇంజను కదలలేదనిన ఈ నాలుగింటిలో ఏదో యొకటి లోపించినదని అర్థము. ఐదవ కారణము లేదు.

ఇంధనము

పెట్రోలు ఈ ఇంజనునకు పనికిరాదు. ప్లాటినపు తీగతో చక్కగా పొందునది మిథైల్ ఆల్కహాలు, అనగా మిథనాలు. లోపలి లోహములు ఒరసికొనకుండ నూనె కూడ ఇంధనమునందే కలపవలెను. అందులకు తరతరములనుండి ప్రసిద్ధిగాంచినది మన ఆముదము. ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనము పరిహసింతుము గాని, ఇంజనుల లోకమున ఆముదమునకు గొప్ప స్థానమే యున్నది. 1914లో ఆరంభమైన మహాయుద్ధమునందు నోమ్, లె రోన్ అను పేళ్లు గల తిరుగుడు ఇంజనులకు ఆముదమే వాడిరి. ఏలయనగా అది పెట్రోలులో సులభముగా కరగిపోదు. మిథనాలులో మాత్రము చక్కగా కరగును. ఒక నూనె ఒక ద్రవములో కరగకుండుటవలనను, మరియొక ద్రవములో కరగుటవలనను, రెండు విధములుగా ఉపయోగపడుట రసాయనశాస్త్రము నేర్చువారు గమనింపదగిన విషయము. ఎంత వేడికిని లోహమును విడువక అంటిపెట్టుకొనుట దాని మరియొక గుణము.

పందెములలో వాడు సామాన్య మిశ్రమము నూటికి 80 పాళ్లు మిథనాలు, 20 పాళ్లు ఆముదము. కొందరు ఇంజను సులభముగా అంటుకొనుటకై కొంచెము నైట్రోమీథేను కలుపుదురు. తలకు రాచుకొను పరిమళపు ఆముదము గాని, గానుగనుండి తెచ్చిన మడ్డిగల ఆముదము గాని పనికిరాదు. శుద్ధిచేసి వడకట్టినదే కావలెను.

ఇచ్చట తలిదండ్రులును చదువవలెనని కోరుచున్నాను. మిథనాలు విషము. అది చూచుటకు నీటివలెనే యుండును; వాసన సారాయిని పోలియుండును. రెండు మూడు చెంచాలు కడుపులోనికి పోయినను కన్నులు పోవచ్చును. మరికొంచెము పోయిన ప్రాణమే పోవును. కావున దానిని నీళ్ల సీసాలో గాని, పానీయపు సీసాలో గాని ఎన్నడును పోయరాదు. సీసాపై విషమని పెద్ద అక్షరములతో వ్రాసి, పసిపిల్లల చేతికందనిచోట తాళము వేసి యుంచవలెను. ఎవరైనను పొరపాటున త్రాగిన యెడల, బాగుగనే యున్నారని కాచుకొనక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. ఏలయనగా విషలక్షణములు కొన్ని గంటలకు గాని బయటపడవు. మిశ్రమమును కలుపుట పెద్దలు చేయవలసిన పని, పిల్లలు చేయరాదు. మిథనాలు మంట పగటివెలుతురులో కంటికి కనబడదు. అది నీటితో కలియును గనుక, పుష్కలముగా నీరు పోసి ఆర్పవచ్చును. అందుచేత ఇంజను త్రిప్పుచోట బక్కెట నిండ నీరుంచుకొనుడు. గడ్డివాములకును పూరియిండ్లకును దూరముగా నుండుడు.

ముందు జాగ్రత్త

20 సెంటీమీటర్ల ప్రొపెల్లరు నిమిషమునకు 12,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అనగా సెకనుకు 200 చుట్లు. దాని కొన ఒక చుట్టునకు సుమారు 63 సెంటీమీటర్లు పోవును. గుణించి చూడుడు: సెకనుకు సుమారు 125 మీటర్లు, గంటకు 450 కిలోమీటర్లు. ఇట్టి వేగముతో తిరుగు కర్రకు అడ్డముగా చేయి పెట్టిన ఏమగునో చెప్పనక్కరలేదు. తిరుగు ప్రొపెల్లరు కంటికి కనబడదు గనుక అపాయము మరింత హెచ్చు.

కావున విమానమును ఒకడు గట్టిగా పట్టుకొనవలెను. వ్రేలితో గాక, రబ్బరు తొడిగిన కర్రతో ప్రొపెల్లరును త్రిప్పవలెను. ఇంజను అంటుకొనగానే వెనుకకు వచ్చి, అచ్చటినుండియే సూదిమరను సరిచేయవలెను. ప్రొపెల్లరునకు సరిగా ప్రక్కన ఎవ్వరును నిలువరాదు. కర్ర విరిగిన ముక్కలు ఎగురునది ఆ దిశకే. వ్రేలాడు బట్టలు, దారములు, పైటకొంగులు దూరముగా నుండవలెను. రెండు తీగలతో గుండ్రముగా ఎగురవేయు విమానమునైతే, విద్యుత్తు తీగలు దరిదాపుల లేని మైదానమునందే ఎగురవేయవలెను. రేడియోతో నడుపు విమానములకు ప్రభుత్వ నిబంధనలు గలవు. విమానాశ్రయమునకు సమీపమున నున్న మనము వానిని ముందుగా తెలిసికొనుట విధి.

మొదటి ప్రశ్న: అదుముచున్నదా?

బ్యాటరీ తగిలింపకయే ప్రొపెల్లరును చేతితో మెల్లగా త్రిప్పుడు. ప్రతి చుట్టునందు ఒకచోట అది ఎదురుతిరిగి, ఆ స్థానము దాటగానే ఎగిరిపడినట్లు ముందుకు పోవలెను. ఇదియే ఆరోగ్యలక్షణము.

ఎదురు లేక వదులుగా తిరిగిన యెడల, మిశ్రమము ఎక్కడనో కారిపోవుచున్నది. ప్లగ్గు చుట్టును, శిరస్సు చుట్టును రెండు చుక్కల నూనె వేసి మరల త్రిప్పుడు. బుడగలు వచ్చినచోటనే లోపము. ప్లగ్గు క్రింది రాగి వలయము పోయియుండవచ్చును. మరలు వదులై యుండవచ్చును. బుడగలు రాకయు ఎదురు లేకయున్నచో పిస్టను అరిగినదని తెలియవలెను.

దీనికి భిన్నముగా, ప్రొపెల్లరు ఒకచోట రాతివలె నిలిచిపోయిన యెడల బలము చేయకుడు. సిలిండరులో ద్రవము నిండినది. గాలి అదిమిన నలుగును; ద్రవము నలుగదు. బలముగా త్రిప్పినచో లోపలి కడ్డీ వంగును. ప్లగ్గును ఊడదీసి, విమానమును తలక్రిందులుగా పట్టి, పది పదునైదు చుట్లు త్రిప్పిన ద్రవమంతయు బయటపడును. బ్యాటరీ తగిలియుండగా ఈ పని చేయరాదు.

రెండవ ప్రశ్న: తీగ వేడెక్కుచున్నదా?

ప్లగ్గును ఊడదీసి బ్యాటరీకి తగిలించి చూడుడు. తీగచుట్ట యంతయు కమలాపండు రంగున ప్రకాశింపవలెను. పట్టుకారుతో పట్టుకొనుడు, చేతితో పట్టిన కాలును. మందముగా ఎఱ్ఱబారిన యెడల బ్యాటరీ బలహీనము, లేదా తగిలించు కొనలు మురికిపట్టినవి. ఏమియు వెలుగని యెడల, ముందు వేరొక మంచి ప్లగ్గుతో బ్యాటరీని పరీక్షింపుడు. అది వెలిగినచో మొదటి ప్లగ్గు తీగ తెగినది.

ఈ ప్లగ్గునకు కావలసినది 1.5 వోల్టులు మాత్రమే. మోటారుసైకిలు బ్యాటరీ 12 వోల్టులది. దానికి తగిలించిన తీగ కన్నుమూసి తెరచునంతలో మాడిపోవును. బ్యాటరీ పెద్దదైన వేడి హెచ్చునని తలచి క్రొత్త ప్లగ్గులను వరుసగా కాల్చుకొన్న బాలురు గలరు.

ఒక విశేషము గమనింపుడు. బయట చక్కగా వెలిగిన తీగయే ఇంజనులో వెలుగకపోవచ్చును. ఇంధనము ముంచెత్తినపుడు ఆ తడి తీగను చల్లార్చును. కావున వెలుపల వెలిగినదని చెప్పి లోపలి సంగతిని మరువరాదు.

మూడవ ప్రశ్న: ఇంధనము వచ్చుచున్నదా?

దీనికి మిక్కిలి సులభమైన పరీక్ష యొకటి గలదు. బ్యాటరీ లేకుండ, పొగ వెడలు ద్వారమున రెండు మూడు చుక్కల ఇంధనము వేయుడు. ఇంధనపు సీసాకు మూతపెట్టి దూరముగా నుంచుడు. పిమ్మట బ్యాటరీ తగిలించి కర్రతో త్రిప్పుడు. ఇంజను ఒక క్షణము గర్జించి ఆగిపోయినదనుకొనుడు. అజ్ఞాని దీనిని అపజయమనును. తెలిసినవాడు సంతోషించును, ఏలయనగా ఆ ఒక్క గర్జనచేత అదుముట సరిగానున్నదనియు, తీగ వేడిగానున్నదనియు తేలిపోయినది. మిగిలిన లోపము ట్యాంకినుండి ఇంజను వరకు గల జానెడు దారిలోనే యున్నది. చుక్కలు వేసినను గర్జింపని యెడల, ఇంధనపు దారిని విప్పుట వ్యర్థము. మరల మొదటి రెండు ప్రశ్నలకే పోవలెను. రెండు చుక్కలతో సగము సందేహములు తొలగుటకంటె చౌకయైన పరీక్ష ఏమున్నది?

ఇక ఆ దారిని పరీక్షింతము. బ్యాటరీ తీసివేసి, గాలి లోనికి పోవు రంధ్రమును వ్రేలితో మూసి ప్రొపెల్లరును రెండు చుట్లు త్రిప్పుడు. తెల్లని గొట్టములో ఇంధనము ఇంజనువైపు నడచుట కనబడవలెను.

నడువని యెడల సూదిమర మూసియున్నదేమో చూడుడు. మూసివేసి, అచ్చటినుండి రెండున్నర చుట్లు తెరచుట సామాన్యముగా సరిపోవును. పిమ్మట సూదిని పూర్తిగా తీసి, నాళమునందు దుమ్ము చిక్కినదేమో గాలి ఊది చూడుడు. ఊదుట ఇంధనము వచ్చు దిశకు ఎదురుగా నుండవలెను. నోటితో ఊదరాదు, రబ్బరు పిచికారీతో ఊదవలెను.

బుడగలతో నడచిన యెడల గొట్టమునకు ఎక్కడనో చీలిక యున్నది, లేదా ట్యాంకిలోని గొట్టపు కొన ఇంధనములో మునిగియుండలేదు. గొట్టమును నీటిలో ముంచి పిచికారీతో గాలి ఊదిన చీలిక తెలియును.

కొంచెము నడచి నిలిచిపోయిన యెడల ట్యాంకికి గాలి పోవు రంధ్రమును చూడుడు. ఒక బాలుడు తన విమానమునకు అందముగా రంగు వేసెను. ఆ రంగు చుక్క యొకటి ఈ రంధ్రమును మూసివేసినది. రెండు దినములు అతడు సూదిమరను త్రిప్పుచునేయుండెను. గుండుసూదితో పొడువగానే ఇంజను నడచినది. కూజా మూతిని గట్టిగా మూసి వంచిన నీరెట్లు పడదో, ఇదియు నట్లే.

ట్యాంకి ఎత్తును కూడ గమనింపవలెను. ట్యాంకి నడిభాగము సూదిమరకు సరిగా, లేదా కొంచెము దిగువగా నుండవలెను. ఎత్తుగానున్నచో మనము మాటలాడుచుండగనే ఇంధనము తనంతట దిగి ఇంజనును నింపివేయును.

నాలుగవ ప్రశ్న: పాళ్లు సరియేనా?

ఇంజను అంటుకొన్న పిమ్మట అది తన స్థితిని ధ్వనితోడను పొగతోడను తెల్పును. వినుట నేర్చుకొనవలెను.

బొబొబొ అను మొద్దుధ్వనితో, దట్టమైన పొగతో, ప్రతి రెండవ చుట్టునందు మాత్రమే మండుచు నడచిన యెడల ఇంధనము హెచ్చు. సూదిమరను ఎనిమిదవ వంతు చుట్టు మాత్రము లోనికి త్రిప్పి, నాలుగైదు సెకనులు ఆగి వినుడు. సన్నని కీచుధ్వనితో వేగమెక్కి, పొగ లేక, కొద్ది క్షణములలో ఆగిపోయిన యెడల ఇంధనము తక్కువ. వెంటనే సూదిమరను తెరువవలెను. ఇట్లు ఎండి నడచుట ఇంజనునకు హాని. నూనె ఇంధనముతోనే వచ్చును గనుక, ఇంధనము తగ్గిన నూనెయు తగ్గినట్లే.

బ్యాటరీ తీసివేయగానే ఆగిపోయిన యెడల, ఇంధనము హెచ్చై తీగను చల్లార్చుచున్నది, లేదా ప్లగ్గు బలహీనమైనది. సూదిమరను కొంచెము మూసినను మారనిచో ప్లగ్గును మార్చుడు. వెనుకకు తన్ని విపరీతదిశకు తిరిగిన యెడల ఆపి, మిగులు ఇంధనమును వెడలించి, మరల త్రిప్పుడు.

నేలపై శ్రేష్ఠమైన వేగమునకు బిగించిన ఇంజను, విమానము ముక్కు పైకెత్తగానే ఆగిపోవుట కలదు. అపుడు ఇంధనము పైకెక్కవలసివచ్చుటచేత పాలు తగ్గును. కావున నేలపై కొంచెము హెచ్చు ఇంధనముతోనే విడువవలెను. విమానము ముక్కును ముందుగా చేతితో పైకెత్తి పట్టి ధ్వని మారునేమో వినుట వివేకము.

ఒక్కసారి ఒక్క మార్పు

పై పరీక్షలన్నింటికి మించిన నియమమొకటి గలదు. ఒకసారి ఒక్కదానినే మార్చుడు. సూదిని త్రిప్పి, ప్లగ్గును మార్చి, క్రొత్త ఇంధనము పోసి, ఈ మూడును ఒకేసారి చేసి ఇంజనును నడిపినవాడు అదృష్టవంతుడు గావచ్చును గాని తెలిసికొన్నవాడు గాడు. రేపు మరల ఆగినపుడు అతనికి మూడింటిలో ఏది కారణమో తెలియదు. అంతకంటె చెడ్డదేమనగా, మంచిగానున్న సూదిమరను చెరిపి, చెడిన ప్లగ్గును బాగుచేసి, ఒక లోపమును తీసి మరియొక లోపమును పెట్టిన సంగతియే గుర్తింపలేడు. ఒక చిన్న పుస్తకము దగ్గరనుంచుకొని, తేదీ, చేసిన మార్పు, కలిగిన ఫలము వ్రాయుడు. పది దినములైన తరువాత ఆ పుస్తకమే మీకు ఉపాధ్యాయుడగును.

మన సీమ ఎండ, ధూళి

మన ప్రాంతమున వేసవిని ఎండ 40 డిగ్రీలు దాటును. మిథనాలు 65 డిగ్రీలలోపుననే మరుగును. ఎండలో నుంచిన నల్లని గొట్టములో ఆవిరి బుడగలు పుట్టుట ఆశ్చర్యము గాదు. కావున విమానమును, ఇంధనమును నీడనుంచి, ఉదయముననే ఎగురవేయుట మేలు. వేసవియందు పొగద్వారమున వేసిన చుక్కలు త్వరగా ఆరిపోవును, ఆలసింపక త్రిప్పవలెను. చలికాలపు తెల్లవారున ఆవిరి సులభముగా పుట్టదు. ఇంజనును కొంచెముసేపు ఎండలో నుంచిన చాలును.

వానకాలపు చిక్కు వేరు. మిథనాలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. మూత వదులుగానుంచిన సీసాలో కొన్ని వారములలో నీరు చేరును. నిన్నటివరకు నడచిన ఇంజను నేడు మొండికెత్తి, మరలన్నియు సరిగానున్నచో, క్రొత్త సీసా తెరచి చూడుడు.

ఇక ధూళి. నల్లరేగడి ధూళి పిండివలె సన్ననిది; సూదిమర రంధ్రము అంతకంటె ఎంతో పెద్దది గాదు. ఇంధనమును సన్నని జల్లెడ గల వడపోత గొట్టముగుండ పోయుడు. నేలపై నేరుగా ఇంజనును త్రిప్పక, కడపరాతి బండపై గాని, బల్లపై గాని త్రిప్పుడు.

పని ముగిసిన పిమ్మట

ఇంజనులో ఇంధనము మిగులకుండ, గొట్టమును ఊడదీసి, ఆగువరకు నడుపవలెను. పిమ్మట రెండు చుక్కల యంత్రపునూనె వేసి మెల్లగా త్రిప్పి, గుడ్డలో చుట్టి దాచవలెను. ఏలయనగా మిగిలిన ఆముదము కాలక్రమమున బంకగా మారును. ఆరు నెలలు పెట్టెలోనుంచిన ఇంజను బిగిసిపోయినచో చెడిపోయినదని పారవేయకుడు, పట్టుకారుతో మెలిపెట్టకుడు. ప్లగ్గు తీసి, లోపల కొంచెము కిరోసిను వేసి ఒక రాత్రి యుంచి, మరునాడు కిరోసిను వెడలించి, ఆరబెట్టి, వేడిగాలితో వెచ్చజేసి మెల్లగా కదల్పుడు. బంక కరగి వదలును.

బావిగట్టున

ఈ పాఠమంతయు పిల్లల ఆటకొరకేనా యని తలిదండ్రులు అడుగవచ్చును. మన జిల్లా మద్రాసు రాజధానిలో నుండిన కాలమున కపిలలతో నీరు తోడెడివారు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను అధికారి ఆ రాజధానియందు నూనె ఇంజనులతో బావినీరు తోడు పద్ధతిని ప్రోత్సహించెను. పిమ్మట డీజిలు ఇంజనులును, వాని వెనుక విద్యుత్తు మోటార్లును వచ్చెను. నేటికిని కరెంటు అందని చేలలో డీజిలు ఇంజనులు గలవు.

మా విద్యార్థి యొకని తండ్రికి ఉల్లిచేను గలదు. గడ్డలూరు సమయమున ఇంజను నిలిచిపోయినది. నలుగురు కూడి చెమటలు గారునట్లు హ్యాండిలు త్రిప్పిరి. ఇంజను తిరిగినది గాని అంటుకొనలేదు. మేస్త్రీ వచ్చుటకు రెండు దినములనిరి. ఆ బాలుడు మాత్రము తన చిన్న ఇంజను గొట్టములోని బుడగలను జ్ఞాపకము చేసికొనెను. డీజిలు ఇంజనునకు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమిన పుట్టు వేడికే నూనె మండును. కాని నూనెగొట్టములో గాలి చేరినచో, పంపు ఒత్తిడికి ఆ గాలి నలుగునే గాని నూనె లోనికి చిమ్మదు. అతడు తండ్రి అనుమతితో వడపోత దగ్గరి మరను కొంచెము వదలించి, చేతిపంపును ఆడించెను. నురుగు వచ్చినది. నురుగు పోయి స్వచ్ఛమైన నూనె వచ్చువరకు ఆడించి, మరను బిగించి, గాలి దూరిన వదులు వలయమును మార్చిరి. ఇంజను మూడవ త్రిప్పునకు నడచినది. ఆ సాయంకాలమే చేనికి నీరు పారినది.

ఆ బాలునకు డీజిలు ఇంజనును గురించి ఎవ్వరును బోధింపలేదు. ఇంజనునకు ఏమి కావలెనో వరుసగా అడుగుట మాత్రము అతడు నేర్చియుండెను. తన విమానముతో అతడు మొత్తము మీద ఎగిరినది కొన్ని నిమిషములే కావచ్చును. తండ్రి చేను నిలిచినది ఆ నిమిషములకొరకు పడిన శ్రమవలననే.

కావున విద్యార్థులారా, మీ ఇంజను ఈసారి కదలనపుడు కర్రను క్రిందనుంచుడు. బ్యాటరీ తీసివేయుడు. మెల్లగా ఒక చుట్టు త్రిప్పి, మొదటి ప్రశ్న అడుగుడు.

అభ్యాసప్రశ్నలు

1. చుక్కలు వేసినపుడు ఇంజను ఒక క్షణము గర్జించి ఆగినది. ఏ రెండు విషయములు సరిగానున్నవని తేలినది? తరువాత దేనిని పరీక్షింతువు?

2. ప్రొపెల్లరు రాతివలె నిలిచిపోయినపుడు బలము చేయరాదనుటకు కారణమేమి?

3. ఆముదము పెట్రోలులో కరగకుండుట ఒక ఇంజనునకును, మిథనాలులో కరగుట మరియొక ఇంజనునకును ఎట్లు ఉపయోగపడినది?

4. 25 సెంటీమీటర్ల ప్రొపెల్లరు నిమిషమునకు 9,000 చుట్లు తిరిగిన, దాని కొన వేగము గంటకు ఎన్ని కిలోమీటర్లు? అది ఆగియున్నపుడును ప్రక్కన నిలువరాదని అలవాటు చేసికొనుట ఏల మంచిది?

5. మీ యింటనున్న ఏదేని యంత్రమును తీసికొని, అది నడుచుటకు కావలసినవి ఎన్నియో వరుసగా వ్రాయుము. అది ఆగినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఏది?